జన్యువుల జాబితా రోగనిర్ధారణ కాదు

కొన్నేళ్ళుగా ఒకే మూసలో పోసిన వార్త మన పత్రికల్లోనూ, వాట్సాప్ సందేశాల్లోనూ పదే పదే కనిపిస్తున్నది. ఫలానా వ్యాధికి కీలకమైన పది జన్యువులను కంప్యూటర్ విశ్లేషణలో గుర్తించారనీ, ఇక ఒక్క రక్తపు బొట్టుతో ఆ వ్యాధిని ముందుగానే పసిగట్టవచ్చుననీ దాని సారాంశం. కొన్ని నెలలు గడిచేసరికి ఆ పది జన్యువుల ఊసు ఎక్కడా ఉండదు. అదే వ్యాధికి వేరే పది జన్యువులతో ఇంకొక వార్త వస్తుంది. పాతవి ఏమయ్యాయని అడిగే పాఠకుడు లేడు, చెప్పే విలేఖరీ లేడు.

సంగతి వార్తతో ఆగితే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు. అటువంటి జాబితాలలో కొన్ని పరీక్షలుగా మారి, రంగురంగుల పటాలతో కూడిన నివేదికలుగా రోగుల చేతికి వస్తున్నాయి. చుక్కలను గీతలతో కలిపిన సాలెగూడు వంటి ఆ బొమ్మలను చూసి చదువుకున్నవారు సైతం మారు మాట్లాడరు. కంప్యూటర్ చెప్పింది కనుక, జన్యువుల పేర్లు ఉన్నాయి కనుక, అది సత్యమే అయి ఉంటుందని తలవంచుతారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కంప్యూటర్ ఇచ్చే జన్యువుల జాబితా ఒక ప్రశ్న. అది సమాధానం కాదు. కొత్త మందును రోగికి ఇచ్చే ముందు దానికి ఎటువంటి అగ్నిపరీక్ష పెడతామో, జన్యువుల జాబితాను రోగి మీద ప్రయోగించే ముందు దానికీ అటువంటి అగ్నిపరీక్షే పెట్టాలి. ఆ పరీక్షకు నిలవని దానిని అమ్మేవారు అమ్మకూడదు, వైద్యులు వ్రాయకూడదు, మీరు కొనకూడదు.

ఈ శాస్త్రం మీద నాకు ద్వేషం లేదు. బయోఇన్ఫర్మాటిక్స్, అనగా జీవసమాచార శాస్త్రం, మా తరం వైద్యులు విద్యార్థులుగా ఉన్న రోజుల్లో ఊహకు కూడా అందని శక్తిని వైద్యానికి ఇచ్చింది. ఆ శక్తి మీద గౌరవం ఉన్నందువల్లనే దాని పేరుతో జరిగే తొందరపాటును ఖండిస్తున్నాను.

జన్యువు వేరు, జన్యు వ్యక్తీకరణ వేరు

ముందుగా ఒక తేడాను మనసులో స్పష్టం చేసుకోవాలి. మన శరీరంలో కేంద్రకం ఉన్న కణాలన్నిటిలోనూ ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే. ప్రోటీన్ల తయారీకి ఆదేశాలిచ్చే జన్యువులు అందులో సుమారు 20,000 ఉంటాయి. అయితే అన్ని కణాలూ అన్ని జన్యువులనూ వాడుకోవు. కాలేయ కణం ఆల్బుమిన్ జన్యువును వాడుకుంటుంది. క్లోమంలోని బీటా కణం ఇన్సులిన్ జన్యువును వాడుకుంటుంది. ఒక జన్యువును కణం ఎంత మేరకు వాడుకుంటున్నదో, దాని నుంచి తయారయ్యే వార్తాహర ఆర్‌ఎన్‌ఏ పరిమాణం తెలుపుతుంది. దీనినే జన్యు వ్యక్తీకరణ అంటారు.

డీఎన్‌ఏ పుట్టుకతో వచ్చిన గ్రంథం వంటిది. జన్యు వ్యక్తీకరణ ఆ గ్రంథంలో ఈ క్షణాన ఏ పుటలు తెరచి చదువుతున్నారో చూపుతుంది. అందుచేత అది గంటగంటకూ మారుతుంది. జ్వరం వచ్చినా మారుతుంది, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా మారుతుంది, ఉదయం తీసిన రక్తానికీ సాయంకాలం తీసిన రక్తానికీ మధ్య కూడా మారుతుంది. తీసిన రక్తాన్ని ఆర్‌ఎన్‌ఏను కాపాడే ప్రత్యేక ద్రావణంలో ఉంచకపోతే పరీక్షనాళికలోనే మారిపోతుంది. కొడవలి కణ వ్యాధి వంటి వంశపారంపర్య వ్యాధికి చేసే జన్యు పరీక్షకు ఉన్న నిలకడ దీనికి ఉండదు. రెండింటినీ ‘జన్యు పరీక్ష’ అన్న ఒకే పేరుతో పిలవడం వలన సగం అపోహలు పుడుతున్నాయి.

వేల జన్యువుల వ్యక్తీకరణను ఒకేసారి కొలిచే మైక్రోఅరే విధానాన్ని 1995లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అటుపిమ్మట ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమాన్నే నేరుగా చదివి లెక్కించే విధానం వచ్చింది. 1999లో టాడ్ గోలబ్, ఎరిక్ లాండర్ బృందం 38 మంది రక్తక్యాన్సర్ రోగుల నమూనాల నుంచి 50 జన్యువులను ఎంచి, వాటి సాయంతో రెండు రకాల తీవ్ర ల్యుకీమియాలను వేరుచేసింది. అంతటితో ఆగక, ఆ 50 జన్యువులను వేరే 34 నమూనాల మీద పరీక్షించి చూసింది. ఈ రెండవ అడుగును గుర్తుంచుకోండి. ఈ వ్యాసంలోని వాదమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక జన్యువుల జాలం సంగతి. రెండు జన్యువుల వ్యక్తీకరణ చాలామంది రోగులలో కలిసి పెరిగి కలిసి తగ్గుతూ ఉంటే వాటి మధ్య ఒక గీత గీస్తారు. పూర్వ పరిశోధనల్లో ఆ రెండింటి ప్రోటీన్లు ఒకదానినొకటి అంటుకుంటాయని తెలిసి ఉన్నా గీత గీస్తారు. ఎక్కువ గీతలు కలిసే జన్యువును కేంద్ర జన్యువు అని పిలిచి, వ్యాధికి మూలం అక్కడే ఉండవచ్చునని ఊహిస్తారు. ఊహించడంలో తప్పు లేదు. అయితే కలిసి తిరిగే ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో ఆ గీత చెప్పదు. పైగా క్యాన్సర్‌లో ప్రసిద్ధి చెందిన పీ53 వంటి జన్యువు మీద వేల పరిశోధనలు జరిగాయి కనుక దానికి తెలిసిన సంబంధాలు ఎక్కువ, గీతలూ ఎక్కువ. ఎవరూ పట్టించుకోని జన్యువుకు గీతలు తక్కువ. అనగా ఆ పటంలో వ్యాధి స్వరూపంతో పాటు పరిశోధకుల అభిరుచి కూడా అచ్చుపడి ఉంటుంది.

పొరపాటు ఎక్కడ చొరబడుతుంది?

మొదటిది లెక్కల పొరపాటు. ఒక జన్యువు రోగులలోనూ ఆరోగ్యవంతులలోనూ వేరుగా ఉన్నదా అని చూసేటప్పుడు, కేవలం యాదృచ్ఛికంగా అటువంటి తేడా కనిపించే అవకాశం నూటికి అయిదు కన్న తక్కువైతే దానిని గణనీయమని అంగీకరించడం వైద్య పరిశోధనలో అలవాటు. ఒక్క ప్రశ్నకు అది సరిపోతుంది. 20,000 జన్యువులను 20,000 ప్రశ్నలుగా అడిగితే, వ్యాధితో ఏ సంబంధమూ లేకపోయినా వెయ్యి జన్యువులు కాకతాళీయంగా ‘గణనీయం’ అవుతాయి. దీనిని సరిదిద్దే గణిత పద్ధతిని బెంజమిని, హోక్‌బర్గ్ అనేవారు 1995లోనే ఇచ్చారు. కానీ ఇరవై మంది రోగుల నుంచి 20,000 సంఖ్యలు సేకరించినప్పుడు, ఆ ఇరవై మందికి మాత్రమే అతికినట్టు సరిపోయే సూత్రాన్ని తయారుచేయడం కంప్యూటర్‌కు చిటికెలో పని. ఇరవై ఒకటవ రోగి వచ్చినప్పుడు దాని బండారం బయటపడుతుంది.

రెండవది నమూనాల పొరపాటు. రోగుల నమూనాలను ఒక సంవత్సరమూ, ఆరోగ్యవంతుల నమూనాలను మరొక సంవత్సరమూ పరీక్షిస్తే, కంప్యూటర్ కనిపెట్టేది వ్యాధిని కాదు, క్యాలెండర్‌ను. ఇది ఊహాగానం కాదు. 2007లో ఒక ప్రఖ్యాత పత్రికలో వచ్చిన వ్యాసం, ఐరోపా సంతతివారికీ ఆసియా సంతతివారికీ మధ్య తాము చూసిన జన్యువులలో నాలుగింట ఒక వంతుకు పైగా వ్యక్తీకరణలో తేడా ఉన్నదని ప్రకటించింది. అదే సంవత్సరం వేరే శాస్త్రజ్ఞులు ఆ సమాచారాన్ని తిరగవేసి చూశారు. ఐరోపా సంతతివారి నమూనాలు చాలావరకు ముందు సంవత్సరాలలో, ఆసియా సంతతివారివి తరవాతి సంవత్సరాలలో పరీక్షించారని తేలింది. జాతుల తేడా ఎంతో, సంవత్సరాల తేడా ఎంతో విడదీసి చెప్పగల వీలు లేకపోయింది.

మూడవది కణాల మిశ్రమం. రక్తంలో పలు రకాల తెల్లకణాలు ఉంటాయి. ఏ సూక్ష్మజీవి సోకినా న్యూట్రోఫిల్స్ సంఖ్య పెరగవచ్చు. అప్పుడు న్యూట్రోఫిల్స్‌కు చెందిన జన్యువులన్నీ ‘పెరిగినట్టు’ కనిపిస్తాయి. నిజానికి ఏ కణంలోనూ ఏ జన్యువూ మారి ఉండకపోవచ్చు. సాధారణ రక్తకణాల లెక్కింపు చెప్పగలిగిన సంగతినే ఖరీదైన పరీక్ష కొత్త పేరుతో చెప్పడం జరుగుతుంది.

నాలుగవది వినడానికి హాస్యంగా ఉంటుంది. మార్చ్1, సెప్ట్2 అన్న పేర్లు గల జన్యువులు ఉండేవి. ఎక్సెల్ పట్టికలో ఆ పేర్లు పెట్టగానే అది వాటిని మార్చి 1, సెప్టెంబరు 2 అన్న తేదీలుగా మార్చివేసేది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు జన్యు పట్టికలను ఎక్సెల్‌లో జతపరచిన వ్యాసాలను పరిశీలించగా, దాదాపు అయిదింట ఒక దానిలో ఇటువంటి తప్పులు కనిపించాయి. చివరకు జన్యువుల నామకరణ సంఘమే దిగివచ్చి ఆ పేర్లను మార్చవలసి వచ్చింది. ‘కంప్యూటర్ తప్పు చేయదు’ అని నమ్మేవారు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే చాలు.

భోజనానంతర నవ్వూ, రొమ్ము క్యాన్సరూ

2011లో బ్రస్సెల్స్‌కు చెందిన వెనే, దెతూర్ బృందం ఒక చిలిపి ప్రయోగం చేసింది. రొమ్ము క్యాన్సర్ రోగి ఎంతకాలం జీవిస్తుందో ముందుగా చెప్పగలవని ప్రకటించిన 47 జన్యు జాబితాలను వారు తీసుకున్నారు. వాటికి పోటీగా క్యాన్సర్‌తో సంబంధమే లేని జాబితాలను నిలబెట్టారు. భోజనం తరవాత నవ్విన మనుషుల రక్తంలో మారిన జన్యువులు వాటిలో ఒకటి. తోటి ఎలుకల చేతిలో ఓడి కుంగిపోయిన ఎలుకల మెదడులో మారిన జన్యువులు మరొకటి. ఇవి కూడా రొమ్ము క్యాన్సర్ రోగుల భవితవ్యాన్ని ‘గణనీయంగా’ సూచించాయి! అంతేకాదు, కళ్ళు మూసుకొని లాటరీ తీసినట్టు ఎంచిన జన్యువులతో పోల్చినప్పుడు, ఆ 47 జాబితాలలో 60 శాతం అంతకన్న మెరుగని నిరూపించుకోలేకపోయాయి.

కారణం తెలుసుకుంటే వింత తొలగిపోతుంది. వేగంగా పెరిగే కణితిలో కణవిభజన వేగంగా సాగుతుంది. కణవిభజన వేగంతో పాటు వేల జన్యువుల వ్యక్తీకరణ మారుతుంది. కనుక ఏ గుప్పెడు జన్యువులను తీసినా వాటిలో కొన్నింటికి ఆ వేగం అంటుకొనే ఉంటుంది. జాబితా ‘పనిచేసింది’ అన్నంత మాత్రాన, ఆ జాబితాలోని జన్యువులు వ్యాధికి మూలమని ఎంతమాత్రమూ రుజువు కాదు.

ఇది తెలిసిన తరవాత కూడా ఏమి జరుగుతున్నది? పదోన్నతికి పరిశోధన పత్రాలు తప్పనిసరి అయిన కాలంలో, ఒక్క రోగిని కూడా చూడకుండా, అంతర్జాలంలో ఉచితంగా దొరికే సమాచారాన్ని దింపుకొని, సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌లో పోసి, పది కేంద్ర జన్యువుల పేర్లను వెలికితీసి, వ్యాసంగా అచ్చువేసుకొనే పద్ధతి లోకమంతటా ప్రబలింది. వ్యాధి పేరు మారుతుంది, పటం రంగు మారుతుంది, వాక్యాలు అవే. ఉచిత సమాచారం తప్పు కాదు, అది అమూల్యం. ఆ జాబితాను తిరిగి ప్రయోగశాలలోనో, కొత్త రోగులలోనో సరిచూడకుండా వదలివేయడం తప్పు. విత్తనం కొనుక్కొని వచ్చి నాటకుండానే పంట పండిందని చాటింపు వేయడం వంటిది అది.

డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగినది

ఇదంతా పండితుల తగవు, రోగులకు ఏమి నష్టమని మీరు అడగవచ్చు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగినది వినండి.

2006లో అక్కడి అనిల్ పొట్టి, జోసెఫ్ నెవిన్స్ బృందం నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల జన్యు వ్యక్తీకరణను విశ్లేషించి, ఏ రోగి కణితికి ఏ కీమోథెరపీ మందు పనిచేస్తుందో ముందుగా చెప్పగలమని వారి ప్రతిపాదన. ప్రతి క్యాన్సర్ వైద్యుడూ కలలు కనే సంగతి అది. హూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో వైద్యులు దీనిని వాడదలచి, తమ సంస్థలోని కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే జీవసమాచార శాస్త్రజ్ఞులను సరిచూడమని కోరారు.

వారు ఎంత ప్రయత్నించినా ఆ ఫలితాలు తిరిగి రాలేదు. తవ్విన కొద్దీ తప్పులు బయటపడ్డాయి. పట్టికలో జన్యువుల పేర్లు ఒక వరుస కిందికి జారి, ఒక జన్యువు విలువ పక్క జన్యువు పేరు మీదికి చేరింది. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలకు లొంగనివన్న పేరు, లొంగని వాటికి లొంగేవన్న పేరు పడింది. ఈ రెండవ తప్పు అర్థమేమిటో ఆలోచించండి. ఆ లెక్కను నమ్మి చికిత్స చేస్తే రోగికి పనిచేయని మందునే ఏరి కోరి ఇచ్చినట్టవుతుంది.

వారు 2007లోనే అభ్యంతరాన్ని ప్రకటించారు. అయినా అదే సంవత్సరం ఆ జాబితాల ఆధారంగా క్యాన్సర్ రోగుల మీద చికిత్సా ప్రయోగాలు మొదలయ్యాయి. 2008లో ఆ పరిశోధన బృందంలోనే ఉన్న ఒక వైద్య విద్యార్థి తన సందేహాలను వ్రాతపూర్వకంగా తెలియజేశాడు. అప్పటికి ఆ మాట బయటకు రాలేదు. 2009లో బాగర్లీ, కూంబ్స్ తమ వ్యాసాన్ని పూర్తి వివరాలతో ప్రచురించిన తరవాత ప్రయోగాలను ఆపారు, మరి కొన్ని నెలలకే తిరిగి మొదలుపెట్టారు. 2010 జులైలో, ప్రధాన పరిశోధకుడు తనకు రోడ్స్ విద్యార్థి వేతనం వచ్చినట్టు అసత్యం చెప్పుకున్నాడని ఒక క్యాన్సర్ వార్తాపత్రిక బయటపెట్టింది. అప్పుడు గానీ ప్రయోగాలు శాశ్వతంగా ఆగలేదు. మూడేళ్ళుగా గణితం మొత్తుకుంటే వినని పెద్దలు, అర్హతల జాబితాలో అబద్ధం కనిపించగానే విన్నారు! 2011లో నేచర్ మెడిసిన్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. 2015లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా నైతికత కార్యాలయం ఆ పరిశోధకుడు దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని నిర్ధారించింది. అప్పటికి వందమందికి పైగా క్యాన్సర్ రోగులు ఆ ప్రయోగాలలో చేరి ఉన్నారు.

ఈ ఉదంతంలో నేను మీ దృష్టికి తేదలచిన విషయం వేరే ఉన్నది. తప్పును పట్టుకున్నది పోలీసులు కారు, పత్రికా సంపాదకులు కారు, విశ్వవిద్యాలయ పాలకులు అసలే కారు. జీవసమాచార శాస్త్రమే తన తప్పును తాను పట్టుకున్నది. అది సాధ్యపడినది కొంత సమాచారం బహిరంగంగా అందుబాటులో ఉన్నందువలన. అది తాళం వేసిన పెట్టెలో ఉండి ఉంటే, తప్పు మందు ఇచ్చే యంత్రం నేటికీ తిరుగుతూ ఉండేదేమో.

2012లో అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ ఈ విషయం మీద నివేదిక ఇచ్చింది. సమాచారమూ, కంప్యూటర్ ప్రోగ్రామూ బయటపెట్టాలనీ, రోగుల మీద వాడే ముందు సూత్రాన్ని ఇక మార్చకుండా ఖరారు చేయాలనీ, దానిని తయారీలో వాడని కొత్త నమూనాల మీద నిరూపించాలనీ చెప్పింది. మనకు తెలిసిన ఇంగితజ్ఞానమే. అయితే దానికి వెల చెల్లించినది రోగులు.

సక్రమంగా చేస్తే ఏమవుతుంది?

ఈ రంగమంతా మోసమని ఎవరైనా అంటే నేను అంగీకరించను. నెదర్లాండ్స్ క్యాన్సర్ సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో రొమ్ము క్యాన్సర్ కణితి నుంచి 70 జన్యువుల జాబితాను ప్రకటించారు. మామాప్రింట్ అన్న పరీక్షకు అది ఆధారం. జాబితా దొరికిన మరునాడే దానిని అందరికీ పూయలేదు. ఐరోపాలోని తొమ్మిది దేశాలలో 6,693 మంది స్త్రీలతో మిండాక్ట్ అన్న పెద్ద అధ్యయనం చేశారు. పాత పద్ధతి ప్రకారం ప్రమాదం ఎక్కువ, జన్యువుల ప్రకారం ప్రమాదం తక్కువ అని తేలినవారిలో కొందరికి కీమోథెరపీ ఇచ్చారు, కొందరికి మానివేశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. కీమోథెరపీ లేకుండా ఉన్నవారిలో 94.7 శాతం అయిదేళ్ళ తరవాత కూడా క్యాన్సర్ దూరాంగాలకు వ్యాపించకుండా ఉన్నారు. కీమోథెరపీ పొందినవారితో తేడా ఒకటిన్నర శాతం మాత్రమే.

అమెరికాలో 21 జన్యువుల పరీక్ష మీద టైలర్‌ఎక్స్ అన్న అధ్యయనంలో 10,273 మంది స్త్రీలు చేరారు. హార్మోనుకు స్పందించే, హెర్2 లేని, చంక గ్రంథులకు పాకని తొలిదశ రొమ్ము క్యాన్సర్ వారిది. మధ్యస్థమైన అంకె వచ్చినవారిలో చాలామందికి హార్మోను చికిత్స ఒక్కటే చాలుననీ, కీమోథెరపీ వలన అదనపు లాభం లేదనీ 2018లో తేలింది. 50 ఏళ్ళ లోపు స్త్రీలలో కొందరికి మాత్రం కొంత లాభం కనిపించింది. ఆ మినహాయింపును కూడా వారు దాచలేదు.

జుట్టు రాలడం, వాంతులు, తెల్లకణాలు పడిపోవడం, ఇల్లు గుల్ల కావడం వంటి కష్టాలు వేలమంది స్త్రీలకు తప్పాయంటే అది జన్యు వ్యక్తీకరణ శాస్త్రం పుణ్యమే. అయితే జాబితాకూ ఆ మేలుకూ మధ్య పద్నాలుగేళ్ళ శ్రమ ఉన్నది, వేల మంది స్త్రీల సహకారం ఉన్నది. ఆ పద్నాలుగేళ్ళను దాటవేసి మేలును మాత్రం అమ్ముతామనే వారితోనే నా తగవు.

క్షయ: మనకు దగ్గరి ఉదాహరణ

ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగింట ఒక వంతు భారతదేశంలో ఉన్నారు. క్షయక్రిములు శరీరంలో నిద్రాణంగా ఉన్నవారిలో రేపు ఎవరికి రోగం బయటపడుతుందో ముందే తెలిస్తే, వారికి మాత్రమే నివారణ మందు ఇవ్వవచ్చు. అందుకోసం రక్తంలోని జన్యు వ్యక్తీకరణను వెదకడం సముచితమైన ఆలోచన.

2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల రక్తాన్ని పరీక్షించిన బృందం 393 ఆర్‌ఎన్‌ఏల జాబితాను ప్రకటించింది. క్షయరోగులలో ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక పదార్థం ప్రేరేపించే జన్యువులు పెరుగుతాయని అందులో తేలింది. వ్యాధిని అర్థం చేసుకోవడంలో అది పెద్ద ముందడుగు. 2016లో దక్షిణాఫ్రికా యువతీయువకులను అనుసరించి తయారుచేసిన 16 జన్యువుల జాబితా, రోగం బయటపడడానికి ఏడాది ముందు నుంచే దానిని సూచించగలదని తేలింది. కొత్త సమూహాలలో పరీక్షించినప్పుడు, రోగం రాబోయేవారిలో సుమారు సగం మందిని మాత్రమే అది పట్టుకోగలిగింది.

ఆ శాస్త్రజ్ఞులు అక్కడితో ఆగలేదు. దానిని 11 జన్యువులకు కుదించి, దక్షిణాఫ్రికాలోనే కార్టిస్ అన్న చికిత్సా ప్రయోగం చేశారు. పరీక్షలో ప్రమాదం ఉన్నదని తేలినవారిలో కొందరికి ఐసోనయజిడ్, రిఫాపెంటిన్ మందులను వారానికొకసారి మూడు నెలలు ఇచ్చారు. మిగిలినవారిని జాగ్రత్తగా కనిపెట్టి చూశారు. ప్రమాదం ఉన్నవారిని ఆ పరీక్ష కొంతమేరకు గుర్తించిన మాట నిజమే. కానీ 2021లో వెలువడిన ఫలితం ప్రకారం, ఆ పరీక్షను బట్టి మందు ఇచ్చినందువలన క్షయ రావడం తగ్గలేదు. ఆశించిన రక్షణ నూటికి ఏడు పాళ్ళు మాత్రమే తేలింది. గణాంకాల దృష్టిలో అది శూన్యంతో సమానం.

ఇది ఆ శాస్త్రజ్ఞులకు అవమానం కాదు. నా దృష్టిలో ఇదే వారి కీర్తి. తమ జాబితాను తామే అగ్నిలోకి దింపి, ఫలితం ప్రతికూలంగా వచ్చినా లోకానికి చెప్పారు. కార్టిస్ జరగకుండా ఆ పరీక్ష మన విపణిలోకి వచ్చి ఉంటే, ‘ముందస్తు క్షయ పరీక్ష’ పేరుతో ఎన్ని కుటుంబాలు భయపడి, ఎన్ని మాత్రలు మింగి ఉండేవో!

మరొక చిక్కు కూడా ఉన్నది. ఇంటర్‌ఫెరాన్ జన్యువులు క్షయలోనే కాక ఫ్లూ వంటి వైరస్ జ్వరాలలోనూ పెరుగుతాయి. వర్షాకాలంలో ఇంటింటా డెంగీ, వైరస్ జ్వరాలు ఉండే మన ఊళ్ళలో ఈ పరీక్ష ఎన్నిసార్లు తప్పుగా గంట మ్రోగిస్తుందో మన నేల మీదనే తేల్చుకోవాలి. ఇతర దేశాల ఫలితం మనకు వర్తిస్తుందని ముందుగా అనుకోరాదని క్షయే మనకు ఒకసారి నేర్పింది. బ్రిటన్ బాలబాలికలలో మంచి రక్షణ ఇచ్చిన బి.సి.జి. టీకా, 1968లో మన పొరుగున చెంగల్పట్టులో మొదలైన మహాప్రయోగంలో పెద్దల ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ ఇవ్వలేదని తేలింది.

ఈలోగా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్షయక్రిమి డీఎన్‌ఏను నేరుగా పట్టుకుంటాయి, రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. అవి ఉచితం, నిరూపితం.

ఎదురువాదాలకు సమాధానం

‘ఇన్ని అధ్యయనాలు జరిగేవరకు రోగులు వేచి ఉండగలరా?’ అని కొందరు అడుగుతారు. వేచి ఉండలేని రోగికి నిరూపితం కాని పరీక్ష ఏ విధంగా సహాయపడుతుంది? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరకే అనలేదు. ఆ పాలలో ఏమి కలిసిందో తెలియనప్పుడు ఆ మాట మరింత నిజం. తొందర నిజంగా ఉంటే రోగిని చికిత్సా ప్రయోగంలో, అతని అంగీకారంతో, రుసుము లేకుండా చేర్చుకోండి. ప్రయోగాన్ని సేవగా పేరు మార్చి బిల్లు వేయకండి.

‘మా సూత్రం వ్యాపార రహస్యం, బయటపెట్టలేము’ అని మరికొందరు అంటారు. హక్కులను కాపాడుకోవడానికి పేటెంట్ చట్టం ఉన్నది. పేటెంటు పొందాలంటే విషయాన్ని వెల్లడి చేయాలి. రోగి ప్రాణానికి సంబంధించిన లెక్కను ఎవ్వరూ సరిచూడరాదనడం వ్యాపార రహస్యం అనిపించుకోదు, బాధ్యత నుంచి పలాయనం అనిపించుకుంటుంది.

‘సమాచారం బయటపెడితే రోగుల గోప్యత ఏమవుతుంది?’ అన్నది న్యాయమైన ప్రశ్న. పేర్లు తొలగించిన వ్యక్తీకరణ పట్టికలను బహిరంగంగానూ, మనిషిని గుర్తుపట్టగల మూల అక్షరక్రమాన్ని అనుమతి పొందిన పరిశోధకులకు మాత్రమే లభించే విధంగానూ ఉంచే ఏర్పాట్లు చాలాకాలంగా ఉన్నాయి. 2022లో ఫరీదాబాద్‌లో భారతీయ జీవసమాచార కేంద్రం కూడా ప్రారంభమైంది. దాచడానికి గోప్యతను సాకు చేయవలసిన అగత్యం లేదు.

మీరు అడగవలసిన ప్రశ్నలు

పాఠకులారా, మీ చేతికో, మీ ఇంటివారి చేతికో జన్యు వ్యక్తీకరణ పరీక్ష పేరుతో సలహా వచ్చినప్పుడు, మొహమాటం లేకుండా ఈ ప్రశ్నలు అడగండి.

1. ఇది పుట్టుకతో వచ్చిన డీఎన్‌ఏను చూసే పరీక్షా, లేక రోజురోజుకూ మారే వ్యక్తీకరణను చూసే పరీక్షా?

2. ఈ జాబితాను తయారుచేసిన రోగులలో కాక, వేరే ఆసుపత్రిలోని వేరే రోగులలో దీనిని సరిచూశారా? వారిలో భారతీయులు ఉన్నారా?

3. ఈ పరీక్షను బట్టి చికిత్స మార్చినందువలన రోగులకు మేలు జరిగిందని చికిత్సా ప్రయోగంలో తేలిందా? ఏ దశ రోగులకు?

4. దీని సమాచారాన్నీ, లెక్కల పద్ధతినీ ఇతర శాస్త్రజ్ఞులు సరిచూడగలిగేలా ప్రచురించారా?

5. ఫలితం ఎలా వచ్చినా నా చికిత్స మారదనుకుంటే, ఈ పరీక్ష నాకు ఎందుకు?

తొలిదశ రొమ్ము క్యాన్సర్ రోగికి నిపుణులు 21 జన్యువుల పరీక్షనో, 70 జన్యువుల పరీక్షనో సూచిస్తే, ఈ ప్రశ్నలకు వారు స్పష్టంగా సమాధానం చెప్పగలరు. సంకోచించకుండా చేయించుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పండుగ రాయితీలో అమ్మే ‘సంపూర్ణ వ్యాధి జాల పరీక్ష’ వారు రెండవ ప్రశ్న దగ్గరే తడబడతారు. ఆ డబ్బుతో రక్తపుపోటు, రక్తంలో చక్కెర, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుంటే మీకు నిజమైన ఉపయోగం ఉంటుంది.

వైద్య కళాశాలల్లోని నా యువ సోదర వైద్యులకు, పరిశోధక విద్యార్థులకు కూడా ఒక మాట. జాబితాలు తయారుచేయడం ఆపమని నేను చెప్పను. ఒక జాబితా తయారుచేసినంత శ్రమతోనే ఎదుటివారి జాబితాను సరిచూసి, నిలిచిందో లేదో వ్రాయండి. అటువంటి పనికి సన్మానాలు తక్కువ, శత్రువులు ఎక్కువ. అయినా హూస్టన్‌లోని ఇద్దరు శాస్త్రజ్ఞులు ఓపికగా ఒక పట్టికలోని వరుసలను లెక్కపెట్టి ఉండకపోతే, ఎందరు రోగులకు తప్పు మందు ఎక్కి ఉండేదో ఆలోచించండి. మన విశ్వవిద్యాలయాలు పదోన్నతి ఇచ్చేటప్పుడు కొత్త జాబితాకు ఎంత విలువ ఇస్తాయో, పాత జాబితాను నిజాయితీగా సరిచూసిన వ్యాసానికీ అంత విలువ ఇవ్వాలి. ఆ ఒక్క మార్పు వస్తే మనం చదివే వార్తలు తగ్గుతాయి, నమ్మదగిన పరీక్షలు పెరుగుతాయి.